ఎక్స్-రే పోలరైజేషన్‌తో పల్సార్ల జియోమెట్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టాపిక్ మీద మళ్ళీ మళ్ళీ వచ్చే డౌట్లన్నీ ఒకచోట పెట్టా. ముందే ఒకటి చెప్పేస్తా, ఎక్కువమంది "ఎంత శాతం పోలరైజేషన్ (వెలుతురు తరంగాలు ఒకే దిక్కున ఊగడం) వచ్చింది?" దగ్గరే ఆగిపోతారు, రీసెర్చ్ పేపర్ల హెడ్డింగులు కూడా అలాగే ఉంటాయి, కానీ జియోమెట్రీ కావాలంటే చూడాల్సింది శాతం కాదు, కోణం. శాతం వంద కారణాల వల్ల తగ్గుతుంది. కోణం అంత తేలిగ్గా అబద్ధం చెప్పదు (చెప్పే సందర్భాలూ ఉన్నాయి, కింద వస్తాయి).

పల్సార్ జియోమెట్రీ అంటే అసలు ఏం తెలుసుకోవాలని?

మూడు కోణాలు. పల్సార్ అంటే సూర్యుడికి సుమారు ఒకటిన్నర రెట్లు బరువుండి, ఆ బరువంతా ఇరవై పాతిక కిలోమీటర్ల వ్యాసంలో కుక్కేసిన న్యూట్రాన్ స్టార్ (పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన గట్టి ముద్ద). దానికి తిరిగే అక్షం ఒకటుంటుంది, మాగ్నెటిక్ అక్షం ఇంకోటి, రెండూ ఒకే లైన్లో ఉండవు, ఉంటే మనకి పల్సులే (తిరిగినప్పుడల్లా వచ్చే మెరుపులు) కనపడవు. తిరిగే అక్షం మన చూపు వైపు నుంచి ఎంత వంగి ఉంది అన్నది మొదటి కోణం, దీన్ని ఇంక్లినేషన్ అంటారు. మాగ్నెటిక్ అక్షం తిరిగే అక్షానికి ఎంత పక్కకి ఒరిగింది అన్నది రెండోది, ఆబ్లిక్విటీ. మూడోది, ఆ తిరిగే అక్షాన్ని ఆకాశం మీద గీత గీస్తే ఆ గీత ఉత్తరం నుంచి తూర్పుకి ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందన్నది, అదే పొజిషన్ యాంగిల్. బొంగరం తిరుగుతుంటే దాని పక్కకి ఒక సూది గుచ్చి ఉందనుకోండి, బొంగరం మేకు ఎటు వాలింది, సూది మేకు నుంచి ఎంత ఎడంగా ఉంది అన్నవే మనకి కావాలి. చిక్కేంటంటే ఆ బొంగరం వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ఏ టెలిస్కోప్‌లో చూసినా చుక్కే.

పల్సులు చూస్తే తెలిసిపోదా? బ్రైట్‌నెస్ ఎలా పెరిగి తగ్గుతోందో కనిపిస్తూనే ఉంటుంది కదా?

తెలిసిపోతే ఇంత గోలే ఉండేది కాదు. బ్రైట్‌నెస్ పెరగడం తగ్గడం రెండింటి మీద ఆధారపడుతుంది, ఒకటి అక్షాలు ఎలా ఉన్నాయి, రెండు వెలుతురు ఏ ఆకారంలో బయటికొస్తోంది. పక్క నక్షత్రం నుంచి పదార్థం లాక్కునే పల్సార్లలో ఆ పదార్థం మాగ్నెటిక్ ధ్రువాల మీద పడుతుంది, అక్కడ నుంచి ఎక్స్-రేలు నిటారుగా పైకి రావచ్చు (పెన్సిల్ బీమ్ అంటారు), లేదా ధ్రువం మీద పదార్థం స్తంభంలా పేరుకుపోయి దాని పక్కల నుంచి రావచ్చు (ఫ్యాన్ బీమ్). దీనికి తోడు న్యూట్రాన్ స్టార్ గ్రావిటీ వెలుతురుని వంచేస్తుంది కాబట్టి వెనక వైపు ధ్రువం కూడా కాస్త కనిపిస్తుంది. ఇన్ని కలిసినప్పుడు ఒకే పల్స్ ఆకారానికి పది రకాల జియోమెట్రీలు సరిపోతాయి. దశాబ్దాల పాటు ఇదే తంతు, ఒక్కో గ్రూప్ ఒక్కో కోణం చెప్పడం, ఎవరిది రైటో తేల్చే దారి లేకపోవడం.

పోలరైజేషన్ ఇక్కడ కొత్తగా ఏం చెప్తుంది?

వెలుతురు ఒక తరంగం కదా, దాని ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఏదో ఒక దిక్కున ఊగుతుంది. ఒక సోర్స్ నుంచి వచ్చే ఫోటాన్లన్నీ ఒకే దిక్కుకి మొగ్గు చూపిస్తే పోలరైజ్డ్ అంటాం. బలమైన మాగ్నెటిక్ ఫీల్డ్‌లో (ఈ పల్సార్లలో సుమారు లక్ష కోట్ల గౌస్ ఉంటుంది) ఎక్స్-రే ఫోటాన్లు రెండు రకాలుగా విడిపోతాయి. ఊగే దిక్కు ఫీల్డ్ ఉన్న తలంలోనే ఉంటే ఓ-మోడ్, దానికి అడ్డంగా ఉంటే ఎక్స్-మోడ్. రెండిట్లో ఏది ఎక్కువ బయటపడినా సరే, మనకి అందే దిక్కు మాగ్నెటిక్ ఫీల్డ్‌కి సమాంతరంగానో అడ్డంగానో కట్టేసి ఉంటుంది. అంటే పల్సార్ ఒక చుట్టు తిరిగేలోపు ఆ దిక్కు ఎలా ఊగుతోందో కొలిస్తే, ఆకాశం మీద మాగ్నెటిక్ అక్షం ఎలా ఊగుతోందో నేరుగా చూసినట్టే. బీమ్ ఆకారంతో పెద్దగా పని లేదు, అసలు విషయం అదే.

ఎక్స్-రే ఫోటాన్ ఏ దిక్కున ఊగుతోందో ఎలా తెలుస్తుంది? కెమెరాకి ఫిల్టర్ పెట్టినట్టా?

కాదు, ఎక్స్-రేలకి అలాంటి ఫిల్టర్ చేయడం కుదరదు. ఐఎక్స్‌పీఈలో జరిగేది చూడండి, నాకైతే ఇందులో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. ఐఎక్స్‌పీఈ అంటే నాసా, ఇటలీ స్పేస్ ఏజెన్సీ కలిసి 2021 డిసెంబర్ 9న పంపిన శాటిలైట్, మూడు టెలిస్కోప్‌లు, ఒక్కోదాని ఫోకస్ దగ్గర ఒక సెంటీమీటర్ మందం గ్యాస్ ఉన్న చిన్న డబ్బా, గ్యాస్ పేరు డైమిథైల్ ఈథర్. ఎక్స్-రే ఫోటాన్ లోపలికొచ్చి ఒక అణువుని తగిలి ఎలక్ట్రాన్‌ని బయటికి తంతుంది. ఆ ఎలక్ట్రాన్ ఎటు ఎగురుతుందంటే, ఎక్కువగా ఫోటాన్ ఊగే దిక్కునే. ఎగిరిన ఎలక్ట్రాన్ గ్యాస్‌లో మిల్లీమీటర్ కూడా లేని చిన్న గీత గీసి ఆగిపోతుంది, ఆ గీతని 50 మైక్రాన్ల దూరంలో పేర్చిన పిక్సెల్స్ ఫోటో తీస్తాయి. గీత తిన్నగా కూడా ఉండదు, వానపాములా మెలికలు తిరిగి ఉంటుంది, ఎందుకంటే ఎలక్ట్రాన్ దారిలో అణువులకి గుద్దుకుంటూ దిక్కు మార్చుకుంటూ పోతుంది. పైగా అది ఎనర్జీ ఎక్కువగా వదిలేది చివర్లో, అంటే గీతలో లావుగా మెరిసే కొస చివర, పల్చగా ఉన్న కొస మొదలు. మనకి కావాల్సింది ఆ మొదటి కాస్త భాగం ఎటు చూస్తోందన్నదే. ఒక్క గీత చూసి ఏమీ చెప్పలేం, వేల గీతల కోణాలు తీసి హిస్టోగ్రామ్ వేస్తే కొన్ని కోణాల దగ్గర మిట్ట, దానికి అడ్డంగా ఉన్న కోణాల దగ్గర పల్లం కనిపిస్తుంది. మిట్ట ఎక్కడుందో అది పోలరైజేషన్ కోణం, మిట్ట ఎంత ఎత్తో దాన్నిబట్టి శాతం.

ఇస్రో ఎక్స్‌పోశాట్ కూడా ఇదే పద్ధతా?

పద్ధతి వేరు. 2024 జనవరి 1న పీఎస్ఎల్వీ సీ-58 మీద వెళ్ళిన ఎక్స్‌పోశాట్‌లో పోలిక్స్ అనే పరికరం ఉంది, బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చేసింది. అందులో మధ్యలో బెరిలియం దిమ్మ, చుట్టూ నాలుగు డిటెక్టర్లు. ఎక్స్-రే బెరిలియంకి తగిలి పక్కకి చెదురుతుంది, చెదిరేటప్పుడు ఊగే దిక్కుకి అడ్డంగా ఎక్కువ చెదురుతుంది, కాబట్టి ఏ డిటెక్టర్‌లో ఎక్కువ కౌంట్లు వచ్చాయో చూసి దిక్కు లెక్కేస్తారు. నాలుగు డిటెక్టర్లు అచ్చం ఒకేలా ఉండవు కాబట్టి ఆ తేడా దిక్కు అనిపించకుండా శాటిలైట్‌నే నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. ముఖ్యమైన తేడా ఎనర్జీ, ఐఎక్స్‌పీఈ 2 నుంచి 8 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మధ్య చూస్తే పోలిక్స్ 8 నుంచి 30 మధ్య చూస్తుంది. పదార్థం లాక్కునే పల్సార్లు ఆ రేంజ్‌లో బాగానే వెలుగుతాయి కాబట్టి రెండూ ఒకదానికొకటి పోటీ కాదు.

రొటేటింగ్ వెక్టర్ మోడల్ అని అన్ని పేపర్లలో ఉంటుంది, అదేంటి?

ఈ సబ్జెక్ట్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. 1969లో వి. రాధాకృష్ణన్, డి. జె. కుక్ ఇద్దరూ వెలా పల్సార్ రేడియో సిగ్నల్ చూసి, పల్స్ వచ్చే ఆ కాస్త టైమ్‌లో పోలరైజేషన్ కోణం ఎస్ అక్షరంలా మెలికపడటం గమనించి, ఇది మాగ్నెటిక్ ధ్రువం మన చూపు పక్కగా దూసుకెళ్ళడం వల్ల కనిపించే జియోమెట్రీ మాత్రమే అన్నారు. ఫిజిక్స్ తక్కువ, త్రికోణమితి ఎక్కువ. ఈ రాధాకృష్ణన్ సి. వి. రామన్ గారి అబ్బాయి, తర్వాత రామన్ ఇన్‌స్టిట్యూట్‌కే డైరెక్టర్ అయ్యారు, అదే ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు పోలిక్స్ చేసింది. ఆయన రేడియోలో గీసిన గీతని యాభై ఏళ్ళ తర్వాత ఎక్స్-రేలో వెతకడానికి ఆయన ఇంటి నుంచే ఒక డబ్బా పైకి వెళ్ళింది, భలే ఉంది కదా.

మోడల్ లోపల ఏముందంటే, ఆకాశం మీద మన చూపు ఒక బిందువు, తిరిగే అక్షం కొస ఇంకో బిందువు, దాని చుట్టూ మాగ్నెటిక్ ధ్రువం గుండ్రంగా తిరుగుతుంది. చూపు బిందువు దగ్గర నిలబడి ఆ ధ్రువం ఏ దిక్కున ఉందో చూస్తూ ఉండండి. ధ్రువం తిరిగే వలయం మీ పక్కన ఉంటే మీ చూపు అటూ ఇటూ ఊగి మళ్ళీ మొదటికే వస్తుంది, ఆ వలయం మిమ్మల్నే చుట్టేస్తే మీరు పూర్తిగా ఒక చుట్టు తిరగాల్సొస్తుంది. మొదటిది జరిగితే ఆబ్లిక్విటీ ఇంక్లినేషన్ కంటే చిన్నది, రెండోది జరిగితే పెద్దది. ఒక్క గ్రాఫ్ చూసి ఈ మాత్రం వెంటనే చెప్పేయొచ్చు.

ఒక లెక్కతో చూపిస్తారా?

ఇంక్లినేషన్ 60 డిగ్రీలు, ఆబ్లిక్విటీ 30 డిగ్రీలు అనుకుందాం. కోణం అటూ ఇటూ గరిష్ఠంగా ఎంత ఊగుతుందంటే, ఆబ్లిక్విటీ సైన్‌ని ఇంక్లినేషన్ సైన్‌తో భాగిస్తే ఊపు సైన్ వస్తుంది. 0.5ని 0.866తో భాగిస్తే 0.577, అంటే సుమారు 35 డిగ్రీలు. కాబట్టి తిరిగే అక్షం గీతకి రెండు పక్కలా 35 డిగ్రీలు ఊగుతుంది, ఆ ఊపుకి సరిగ్గా నడిమధ్య కోణమే తిరిగే అక్షం పొజిషన్ యాంగిల్ (90 డిగ్రీల తిరకాసు ఒకటుంది, కింద చెప్తా).

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. ఊపు సైజ్ ఒక్కటే చూస్తే రెండు కోణాల సైన్ల నిష్పత్తి మాత్రమే తెలిసింది, విడివిడిగా ఏదీ తెలియలేదు. విడదీసేది గ్రాఫ్ వంకర. ధ్రువం మనకి దగ్గరగా ఉన్నప్పుడు కోణం గబగబా మారుతుంది, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిగా మారుతుంది. ఇదే ఉదాహరణలో ఒక కొస నుంచి ఇంకో కొసకి వేగంగా వెళ్ళడానికి 360లో సుమారు 141 డిగ్రీల ఫేజ్ (పల్సార్ తన చుట్టులో ఎంతవరకు తిరిగిందన్న లెక్క) పడుతుంది, వెనక్కి రావడానికి మిగతా 219. ఈ అసమానత ఎంత ఉందో కొలిస్తే రెండు కోణాలూ విడిపోతాయి. ఇంకో బోనస్ ఏంటంటే వేగంగా వెళ్ళే భాగం గడియారం ముల్లు దిక్కున వెళ్ళిందా, ఎదురు దిక్కున వెళ్ళిందా అన్నది చూసి ఆ నక్షత్రం మన వైపు నుంచి చూస్తే ఎటు తిరుగుతోందో కూడా చెప్పొచ్చు. ఎంత కచ్చితమైన టైమింగ్ చేసినా బ్రైట్‌నెస్ ఒక్కదాంతో ఇది రాదు.

అయితే ఆబ్లిక్విటీ చిన్నగా ఉంటే గ్రాఫ్ దాదాపు మామూలు సైన్ వేవ్‌లాగే ఉంటుంది, అసమానత ఎర్రర్ బార్లలో కొట్టుకుపోతుంది. అందుకే చాలా పేపర్లలో ఇంక్లినేషన్‌ని పక్క నక్షత్రంతో కలిసి తిరిగే ఆర్బిట్ వంపు నుంచి అప్పు తెచ్చుకుంటారు. అది అప్పు అని గుర్తుంచుకోవాలి.

ఉపరితలం దగ్గర ఫీల్డ్ గజిబిజిగా ఉంటుంది కదా, ఇంత సింపుల్ మోడల్ ఎలా పనిచేస్తుంది?

మంచి ప్రశ్న. మామూలుగా అయితే పనిచేయకూడదు. హాట్ స్పాట్‌లో (ఎక్స్-రేలు వచ్చే ధ్రువం దగ్గరి వేడి మచ్చ) ఒక్కో చోట ఫీల్డ్ ఒక్కో దిక్కు, గ్రావిటీ దారి వంచేస్తుంది, అన్నీ కలిసి కోణం కలగాపులగం అయిపోవాలి. కాపాడేది శూన్యమే. 1936లో హైజెన్‌బర్గ్, ఆయిలర్ చెప్పిన దాని ప్రకారం చాలా బలమైన మాగ్నెటిక్ ఫీల్డ్‌లో శూన్యం కూడా క్రిస్టల్‌లా ప్రవర్తిస్తుంది, రెండు పోలరైజేషన్లకీ రెండు వేర్వేరు స్పీడ్లు. దాంతో ఫోటాన్ బయటికొస్తున్నంతసేపూ దాని దిక్కు చుట్టూ ఉన్న ఫీల్డ్‌కి అతుక్కుని, ఫీల్డ్ మెల్లగా తిరిగితే తనూ తిరుగుతూ వస్తుంది. ఫీల్డ్ బాగా పల్చబడ్డాక, అంటే నక్షత్రం రేడియస్‌కి సుమారు ఇరవై రెట్ల దూరంలో, ఆ పట్టు వదిలేస్తుంది. అంత దూరంలో ఉపరితలం గజిబిజి ఏమీ మిగలదు, రెండు ధ్రువాల శుభ్రమైన డైపోల్ ఫీల్డ్ ఒక్కటే ఉంటుంది, మనకి అందే దిక్కు అక్కడిది. అందుకే రేడియో కోసం రాసిన మోడల్ ఎక్స్-రేకి కూడా అచ్చు గుద్దినట్టు కుదురుతోంది.

థియరీలో 80 శాతం అన్నారు, వచ్చింది 9 శాతం. మోడల్ ఫెయిల్ అయినట్టేనా?

హెర్ ఎక్స్-1 అనే పల్సార్ గురించే అడుగుతున్నారు కదా. 2022లో ఐఎక్స్‌పీఈ దీన్ని చూసినప్పుడు సగటు పోలరైజేషన్ సుమారు 8.6 శాతం వచ్చింది, అంతకుముందు మోడళ్ళు 60-80 శాతం దాకా ఊహించాయి. ఫెయిల్ అయింది వాతావరణం మోడల్, అంటే ఉపరితలం మీద వేడి పొర ఎలా ఉందన్న ఊహ. పై పొర కింద పొర కంటే వేడిగా ఉంటే ఎక్స్-మోడ్, ఓ-మోడ్ కలిసిపోయి శాతం పడిపోతుందని ఒక వివరణ ఇచ్చారు. కానీ కోణం మాత్రం రొటేటింగ్ వెక్టర్ మోడల్ చెప్పినట్టే ఊగింది. నేను మొదట్లో చెప్పింది ఇదే, శాతం చెడిపోయినా కోణం నిలబడింది.

హెర్ ఎక్స్-1లో జియోమెట్రీ పరంగా ఏం తేలింది?

1.24 సెకన్లకో చుట్టు తిరుగుతూ, పక్క నక్షత్రంతో కలిసి 1.7 రోజుల ఆర్బిట్‌లో ఉండే పల్సార్ ఇది, ఇవి కాక 35 రోజులకోసారి వెలిగి మసకబారే ఇంకో సైకిల్ ఉంది. పోలరైజేషన్ కోణం ఊపు మధ్య నుంచి తిరిగే అక్షం గీత ఏ దిక్కో తీశారు, ఆర్బిట్ గీత దిక్కు ఆప్టికల్ పోలరైజేషన్ నుంచి తెలుసు, రెండిటికీ కనీసం 20 డిగ్రీల తేడా వచ్చింది. అందరూ ఏమనుకునేవాళ్ళంటే, పదార్థం లాక్కుంటూ లక్షల ఏళ్ళు గడిచాక న్యూట్రాన్ స్టార్ అక్షం ఆర్బిట్‌తో సర్దుకుపోయి ఉంటుందని. సర్దుకోలేదు. తర్వాత 2024లో వచ్చిన అనాలిసిస్‌లో ఇంకో అడుగు ముందుకెళ్ళి, 35 రోజుల సైకిల్లో వేర్వేరు దశల్లో జియోమెట్రీయే మారుతోందని, న్యూట్రాన్ స్టార్ పైపెంకు బొంగరం తూలినట్టు ఎవరూ నెట్టకుండా తనంతట తానే తూలుతోందని చెప్పారు. ఆ 35 రోజుల గడియారం ఎక్కడుందన్న గొడవ చాలా పాతది, లాక్కున్న పదార్థం పల్సార్ చుట్టూ తిరిగే డిస్క్‌లో ఉందని కొందరు, నక్షత్రంలోనే ఉందని కొందరు. కోణం కొలవడం మొదలయ్యాకే నక్షత్రం వైపు బలమైన ఆధారం దొరికింది.

మిగతా పల్సార్లలో?

సెన్ ఎక్స్-3లో బాగా వెలిగే టైమ్‌లో 5.8 శాతం, ఆబ్లిక్విటీ 16-17 డిగ్రీలు. జీఆర్ఓ జే1008-57 దీనికి పూర్తి భిన్నం, మాగ్నెటిక్ అక్షం తిరిగే అక్షానికి దాదాపు అడ్డంగా, సుమారు 75 డిగ్రీల దగ్గర ఉన్నట్టు వచ్చింది. 14 నిమిషాలకో చుట్టు తిరిగే ఎక్స్ పర్సీ కూడా అలా అడ్డంగా ఉన్నదేనేమో అన్నారు, పేపర్ టైటిల్లోనే క్వశ్చన్ మార్క్ పెట్టారు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. మొత్తానికి ఆబ్లిక్విటీకి ఒక రూల్ ఉన్నట్టు ఇప్పటికైతే కనపడట్లేదు.

కోణం ఎప్పుడు మోసం చేస్తుంది?

పల్సార్ కానిది ఏదైనా చూపులో కలిసినప్పుడు. ఎల్ఎస్ వి +44 17 అని ఒకటుంది, 2023 మొదట్లో బాగా ఎగసిపడింది, ఐఎక్స్‌పీఈ రెండుసార్లు చూసింది. రెండు అబ్జర్వేషన్లకీ విడివిడిగా మోడల్ ఫిట్ చేస్తే రెండూ బాగానే కుదిరాయి, కానీ రెండు వేర్వేరు జియోమెట్రీలు వచ్చాయి! కొద్ది రోజుల్లో నక్షత్రం అక్షం మారిపోదు కదా. పల్సార్‌తో పాటు తిరగని, స్థిరంగా ఉండే ఇంకో పోలరైజ్డ్ వెలుతురు (చుట్టూ ఉన్న గాలి లాంటి పదార్థం మీద పడి చెదిరింది) కలుస్తోందని ఒప్పుకుంటే అప్పుడు రెండూ ఒకే జియోమెట్రీకి వచ్చాయి. కాబట్టి ఫిట్ బాగా కుదిరింది అంటే నిజమని కాదు. ఒక్క అబ్జర్వేషన్‌తో డిగ్రీల్లో కోణాలు ప్రకటించే పేపర్ చూస్తే నేను కాస్త ఆగి చదువుతా.

వెలా ఎక్స్-1లో (ఇది పైన చెప్పిన వెలా పల్సార్ కాదు, వేరేది) ఇంకో రకం, తక్కువ ఎనర్జీలో ఉన్న కోణానికి ఎక్కువ ఎనర్జీలో 90 డిగ్రీలు తేడా. రెండూ కలిపి చూస్తే ఒకదాన్నొకటి తినేసుకుని 2-3 శాతమే మిగిలింది.

90 డిగ్రీల తిరకాసు అంటే అదేనా?

దాని చుట్టమే. బయటికొచ్చే దాంట్లో ఎక్స్-మోడ్ ఎక్కువా, ఓ-మోడ్ ఎక్కువా అన్నది కోణం ఒక్కదాంతో తెలియదు. ఎక్స్ అనుకుంటే తిరిగే అక్షం గీత ఒక దిక్కు, ఓ అనుకుంటే దానికి సరిగ్గా అడ్డంగా. పైగా పోలరైజేషన్ అనేది గీత, బాణం కాదు, కాబట్టి 20 డిగ్రీలూ 200 డిగ్రీలూ ఒకటే. ఇంకోటి, కోణాన్ని ఎటు లెక్కపెడుతున్నారో చూసుకోండి, ఖగోళంలో ఉత్తరం నుంచి తూర్పు వైపు, పాత రేడియో పల్సార్ ఫార్ములాల్లో దానికి రివర్స్. మైనస్ గుర్తు మర్చిపోతే ఇంక్లినేషన్ 60 కాస్తా 120 అయి కూర్చుంటుంది, గ్రాఫ్ మాత్రం నిక్షేపంగా ఫిట్ అవుతుంది.

క్రాబ్ పల్సార్ అంత ఫేమస్ కదా, దానికి ఈ మోడల్ ఎందుకు వాడరు?

వాడి చూశారు, కుదరట్లేదు. క్రాబ్ పక్క నక్షత్రాన్ని తినే రకం కాదు, ఒంటరి, సెకనుకి 30 చుట్లు. దాని ఎక్స్-రేలు ఉపరితలం నుంచి రావు, చాలా దూరం నుంచి వస్తాయి. పల్సార్‌తో పాటు తిరగాలంటే కాంతి వేగం అవసరమయ్యే దూరం ఒకటుంటుంది, లైట్ సిలిండర్ అంటారు, క్రాబ్‌కి అది సుమారు 1,600 కిలోమీటర్లే. ఎక్స్-రేలు దాని అంచుల దగ్గర, ఇంకా బయట కూడా పుడుతున్నాయని అనుకుంటున్నారు, అక్కడ ఫీల్డ్ డైపోల్ కాదు, మెలితిరిగిపోయి ఉంటుంది. పైగా చుట్టూ నెబ్యులా (పల్సార్ చుట్టూ పరుచుకుని వెలిగే మేఘం) వెలుతురు పల్సార్‌ని ముంచేస్తుంది. ఐఎక్స్‌పీఈకి పల్సార్‌లో గట్టిగా దొరికిన పోలరైజేషన్ మెయిన్ పల్స్ నడిమధ్యలోనే, 15 శాతం దాకా.

కానీ క్రాబ్‌లో జియోమెట్రీ ఇంకో దారిలో వస్తుంది. నెబ్యులాలో పల్సార్ చుట్టూ టైర్‌లాంటి వలయం ఉంది, దాని మీద ముక్క ముక్కకీ పోలరైజేషన్ కొలిస్తే ఫీల్డ్ ఆ వలయం వెంబడే చుట్టుకుని ఉందని కనిపిస్తుంది, కొన్ని చోట్ల 45-50 శాతం దాకా. ఆ టైర్ ఇరుసే పల్సార్ తిరిగే అక్షం. వెలా పల్సార్ చుట్టూ ఉన్న నెబ్యులాలో అయితే 60 శాతం దాటింది, సింక్రోట్రాన్ వెలుతురుకి (ఫీల్డ్ చుట్టూ వేగంగా తిరిగే ఎలక్ట్రాన్లు ఇచ్చేది) సాధ్యమయ్యే హద్దుకి దగ్గరగా, అంటే అక్కడ ఫీల్డ్ చిక్కులు లేకుండా దువ్విన జుట్టులా ఉందన్నమాట. మన ఆస్ట్రోశాట్ కూడా 100 నుంచి 380 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల మధ్య క్రాబ్‌ని ఫేజ్ వారీగా కొలిచింది, 2018లో వచ్చిన ఆ రిజల్ట్‌లో విచిత్రం ఏంటంటే పల్సులు లేని టైమ్‌లోనే పోలరైజేషన్ మారుతూ కనిపించింది.

మాగ్నెటార్లలో?

మాగ్నెటార్ అంటే మాగ్నెటిక్ ఫీల్డ్ మరీ విపరీతంగా ఉన్న న్యూట్రాన్ స్టార్. అలాంటి 4యూ 0142+61లో తక్కువ ఎనర్జీలో 15 శాతం, మధ్యలో దాదాపు సున్నా, పైన 35 శాతం, కోణం 90 డిగ్రీలు తిరిగింది. 1ఆర్ఎక్స్ఎస్ జే1708లో కోణం తిరగకుండానే 20 నుంచి 80 శాతానికి ఎక్కింది. ఇక్కడ ప్రశ్నలు ఎక్కువగా ఉపరితలం ఘనమా, గ్యాస్ పొర ఉందా అన్నవి.

ఇదంతా 1970ల్లోనే ఎందుకు చేయలేదు?

ప్రయత్నించారు. 1971లో రాకెట్‌తో క్రాబ్ నెబ్యులాలో పోలరైజేషన్ పట్టుకున్నారు, తర్వాత 1975లో వెళ్ళిన ఓఎస్ఓ-8 శాటిలైట్‌తో అక్కడే సుమారు 19 శాతం కొలిచారు. ఓఎస్ఓ-8 క్రిస్టల్ మీద పరావర్తనం అయ్యే ఒకటి రెండు ఎనర్జీల ఫోటాన్లనే వాడగలిగింది, మిగతావన్నీ వృథా. అందుకే క్రాబ్ తప్ప దాదాపు ఏదీ అందలేదు, ఆ తర్వాత నలభై ఏళ్ళకి పైగా ఈ పని కోసమే ఒక పెద్ద శాటిలైట్ వెళ్ళలేదు.

అసలు ఎన్ని ఫోటాన్లు కావాలి?

చాలా. బ్యాక్‌గ్రౌండ్ లేదనుకుంటే 99 శాతం నమ్మకంతో పట్టుకోగల కనీస పోలరైజేషన్ = 4.29ని మాడ్యులేషన్ ఫ్యాక్టర్‌తోనూ (నూరు శాతం పోలరైజ్డ్ వెలుతురుకి డిటెక్టర్ హిస్టోగ్రామ్‌లో ఎంత మిట్ట చూపిస్తుందన్న అంకె), ఫోటాన్ల సంఖ్య వర్గమూలంతోనూ భాగించాలి. ఫ్యాక్టర్ 0.3 అనుకుని 5 శాతం పట్టాలంటే సుమారు 82 వేల ఫోటాన్లు. 1 శాతం పట్టాలంటే 20 లక్షలు. ఇది మొత్తానికి, జియోమెట్రీ కావాలంటే చుట్టుని పది ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ అన్ని ఫోటాన్లు కావాలి. అందుకే ఒక్కో సోర్స్‌ని రోజుల తరబడి చూస్తారు, చెయ్యి ఆకారంలో కనిపించే ఎంఎస్‌హెచ్ 15-52 నెబ్యులాని ఐఎక్స్‌పీఈ దాదాపు 17 రోజులు చూసింది.

డేటా మనం కూడా చూడొచ్చా? ఎక్కడ తప్పులు చేస్తాం?

ఐఎక్స్‌పీఈ డేటా నాసా ఆర్కైవ్‌లో అందరికీ ఓపెన్, ఐఎక్స్‌పీఈఆబ్స్‌సిమ్ అనే పైథాన్ ప్యాకేజ్ ఫ్రీగా దొరుకుతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు ఒక పల్సార్ డేటా మొత్తం ఒకే ముద్దగా కలిపి పోలరైజేషన్ తీశా, దాదాపు సున్నా వచ్చింది, రెండు రోజులు కోడ్‌లో బగ్ కోసం వెతుక్కున్నా. బగ్ ఏమీ లేదు. కోణం చుట్టూరా తిరుగుతుంటే అన్నీ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, 0 డిగ్రీల దగ్గర సగం, 90 దగ్గర సగం ఉంటే మొత్తం సున్నానే. కాబట్టి ముందు ఫేజ్ వారీగా విడగొట్టండి. విడగొట్టేముందు ఫోటాన్ల టైమ్‌ని సోలార్ సిస్టమ్ మధ్యబిందువుకి మార్చి, పల్సార్ బైనరీలో ఉంటే ఆర్బిట్ వల్ల వచ్చే ఆలస్యం కూడా తీసేయండి, లేదంటే ఫేజ్‌లు ఒకదాని మీదొకటి జారిపోయి మళ్ళీ అదే ముద్ద అవుతుంది. ఇంకోటి, కోణాల్ని నేరుగా సగటు చేయకండి, 179కీ 1కీ సగటు 90 కాదు. స్టోక్స్ క్యూ, యూ విలువలు (పోలరైజేషన్‌ని కోణం బదులు రెండు అంకెలుగా రాసే పద్ధతి) కూడి చివర్లో మాత్రమే కోణంగా మార్చండి. ఇప్పుడు చాలామంది బిన్లు (ఫేజ్ ముక్కలు) కూడా వేయకుండా ఒక్కో ఫోటాన్‌నీ విడిగా మోడల్‌తో పోల్చి ఫిట్ చేస్తున్నారు, ఫోటాన్లు తక్కువున్న సోర్స్‌కి అదే మేలు, కాకపోతే మొదటిసారికి బిన్లు వేసి ఆ ఎస్ మెలిక కళ్ళతో చూసుకున్నాకే అటు వెళ్ళండి.